కీ ఇస్తే నడిచే ఇంజను

ఫ్రాంక్ హార్న్‌బీ పేరు మనలో చాలామంది వినుండరు. బొమ్మ రైళ్ల పెట్టెల మీద మాత్రం ఈ రోజుకీ ఆ పేరే ఉంటుంది. ఆయన 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. అప్పటికి మన వైపు రైలొచ్చి ఏడేళ్లు. మద్రాసు రాయపురం నుంచి వాలాజా దాకా 1856లోనే బండి నడిచింది కదా.

హార్న్‌బీ ఇంజనీరు కాదు. పదహారో ఏట బడి మానేశాడు. నాయన వ్యాపారంలో ఉండి, ఆయన పోయాక మాంసం దిగుమతి చేసే ఎలియట్ అనే షావుకారు దగ్గర గుమాస్తాగా చేరాడు. ఇంట్లో ఇద్దరు మగపిల్లలు, రోలండ్, డగ్లస్. వాళ్ల కోసం రేకు కత్తిరించి క్రేన్లు, వంతెనలు చేసిచ్చేవాడు. ఒక్కో బొమ్మకు ఒక్కో రకం ముక్కలు కొయ్యడం ఎంత పనో ఊహించుకోండి. అందుకే పట్టీలన్నిటికీ ఒకే వెడల్పు పెట్టి, అర అంగుళానికో రంధ్రం వేశాడు. ఇక ఏ ముక్కైనా ఏ ముక్కతోనైనా కలుస్తుంది. క్రేను విప్పి వంతెన కట్టుకోవచ్చు, వంతెన విప్పి బండి చేసుకోవచ్చు. 1901లో పేటెంటు తీసుకున్నాడు. ఆ ఖర్చుకు డబ్బు యజమాని దగ్గరే అప్పు! మొదటి పెట్టె ధర ఏడున్నర షిల్లింగులు. 1907లో దానికి మెకానో అని పేరు పెట్టాడు.

రైలు సంగతి తర్వాతిది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా మంచి బొమ్మ రైళ్లంటే జర్మనీవే. యుద్ధంతో అవి రావడం ఆగిపోయాయి. 1920లో హార్న్‌బీ తన పేరుతో కీ ఇస్తే నడిచే రైలు తెచ్చాడు. నాకు ఆయన మీద ఇష్టం కలిగింది ఇక్కడే. ఆ మొదటి ఇంజన్లను, పెట్టెలను మెకానో లాగే నట్లు, బోల్టులతో బిగించారు. చక్రం వంగితే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. పిల్లాడు దాన్ని పాడుచేసినా ఆ పిల్లాడే బాగుచేసుకోగలడు.

గుడియాత్తం గంగమ్మ సిరసు తిరునాళ్లలో మా తమ్ముడికి ఒక ప్లాస్టిక్ ఇంజను కొన్నాం. ఇల్లు చేరేలోపే లోపలి పళ్ల చక్రం ఒకటి విరిగింది. మూత తెరుద్దామంటే ఎక్కడా మరలే లేదు, అంతా అతికించేశారు. తక్కువ ధర అని కొన్నాం గానీ మళ్లీ ఇంకోటి కొనాల్సి వచ్చింది. నాయన దాన్ని తమిళంలో తిట్టాడు. మా ఇంట్లో కోపం తమిళంలో వస్తుంది, లెక్కలు తెలుగులో వేస్తాం.

అయితే హార్న్‌బీని దేవుణ్ణి చేయడం కూడా సరి కాదు. నట్లు, బోల్టులతో చేస్తే ధర పెరుగుతుంది. పేదపిల్లలకూ అందాలని, అమ్మకాలూ పెరగాలని 1920ల రెండో సగంలో చవక రకం తెచ్చారు. వీటిలో రేకు అంచున చిన్న నాలుకలు వదిలి, చీలికల్లో దూర్చి మడిచేశారు. పదే పదే విప్పితే ఆ నాలుకలు తెగిపోతాయి. బాగుచేసుకునే హక్కును కొంచెం తగ్గించి ధర తగ్గించారన్నమాట. ఆ బేరం తప్పని నేననలేను. అది లేకపోతే ఎందరో పిల్లలకు రైలే ఉండేది కాదు.

ఇంకో విచిత్రం. 1930లలో పోత పోసిన జింకు మిశ్రమం వాడటం మొదలైంది. చూడ్డానికి గట్టిది, నున్ననిది. కానీ అందులో రవ్వంత సీసం కలిసినా ఏళ్ల తరబడి లోలోపల ఉబ్బి, పగిలి, చివరికి పొడి అవుతుంది. అలా ఆ కాలం చక్రాలు చాలా విరిగిపోయాయి. అంతకుముందటి రేకు ఇంజన్లు మాత్రం స్ప్రింగు బాగుంటే ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇది మన గోడపత్రిక కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మెకానో ప్రకటనలన్నీ అబ్బాయిలను ఉద్దేశించినవే, పెట్టెల మీద బొమ్మల్లోనూ వాళ్లే. కానీ లివర్‌పూల్ బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో పనివాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. అబ్బాయిలు ఆడుకునే ఇంజన్లు వాళ్ల చేతుల మీదుగా వచ్చాయి. హార్న్‌బీ కోటీశ్వరుడయ్యాడు, 1931లో ఎవర్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు, 1936 సెప్టెంబరు 21న పోయాడు. ఆ ఆడవాళ్ల పేర్లు ఏ పెట్టె మీదా లేవు.

1964లో కంపెనీ వేరేవాళ్ల చేతికి పోయింది. 1979లో బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ఉన్నట్టుండి చెప్పేశారు. పనివాళ్లు బయటికి పోకుండా లోపలే కూర్చుని కొన్ని నెలలు ఫ్యాక్టరీని పట్టుకున్నారు. తెరిపించలేకపోయారు. హార్న్‌బీ అనే పేరు మాత్రం ఇంకో ఊరి కంపెనీ పెట్టెల మీద మిగిలింది.