గుండె శక్తి గుట్టు విప్పిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు.

అయినా అధైర్యపడకుండా అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు.

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ దానికి శక్తినిచ్చేది ఏటీపీయే. గుండె వేగం బాగా తగ్గినవారికి డాక్టర్లు పేస్‌మేకర్ అమరుస్తారు. అది చిన్న విద్యుత్ సంకేతం మాత్రమే పంపుతుంది. ఆ సంకేతం అందాక ముడుచుకునే బలం గుండె కండరంలోని ఏటీపీదే.

తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం తయారీకి, బోదకాలు మందు హెట్రజాన్‌కు, ఆరియోమైసిన్‌కు జరిగిన పరిశోధనలను ఆయన నడిపించారు. 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే గుండెపోటుతో మరణించారు. మనిషి శరీరంలో మొదటి పేస్‌మేకర్‌ను స్వీడన్‌లో అమర్చింది ఆ తర్వాత పదేళ్ళకు, 1958లో. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మిత్రులారా! తార్నాక నుండి హబ్సిగూడకు వెళ్ళే దారిలో ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధనశాలలు చూస్తుంటాం. పరీక్ష తప్పినవారికి ఆ గేట్లు మూసినట్లేనని అనుకోవద్దు. సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పినవారే.