సుకుమార్ రాయ్

వంగదేశంలో చదువుకున్న ప్రతి ఇంటా పిల్లలకు ‘ఆబోల్ తాబోల్’ పరిచితమే. ఆ హాస్యగేయ సంపుటిని రచించి, దానికి బొమ్మలు కూడా గీసిన సుకుమార్ రాయ్ 1887 అక్టోబరు 30న కలకత్తాలో జన్మించారు. తండ్రి ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రచయిత, చిత్రకారుడు, ముద్రణా నిపుణుడు. తూర్పు బెంగాల్ పల్లెలలో పొద్దుగూకే వేళ అన్నం తినకుండానే నిద్రకు జోగే పిల్లలకు తల్లులు చెప్పే కథలను సేకరించి, ఆయన 1910లో ‘టున్‌టునిర్ బోయి’ పేరిట వెలువరించారు. అందులో ఒక చిన్న పిట్ట రాజునే ఎగతాళి చేస్తుంది. అలాంటి కథల నడుమ పెరిగిన బాలుడికి హాస్యం అబ్బడంలో వింత లేదు.

అయితే సుకుమార్ చదివినది విజ్ఞానశాస్త్రం. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలలో ఆనర్సు పట్టా పొందారు. మిత్రులను కూడగట్టి ‘నాన్సెన్స్ క్లబ్’ స్థాపించి, వారి కోసం నాటికలు రాశారు. 1911లో ఇంగ్లండు వెళ్లి లండన్, మాంచెస్టర్ నగరాలలో ఛాయాచిత్రణాన్నీ, ముద్రణనూ అభ్యసించి 1913లో తిరిగివచ్చారు. అదే ఏడాది తండ్రి పిల్లల కోసం ‘సందేశ్’ పత్రికను ప్రారంభించారు. బెంగాలీలో ఆ మాటకు వార్త అనీ, మిఠాయి అనీ రెండర్థాలు. 1915లో తండ్రి మరణించడంతో పత్రిక, ముద్రణాలయాల భారం సుకుమార్‌పై పడింది.

ఆయన హాస్యం ఎవరినీ నొప్పించదు. బాతూ ముళ్లపందీ కలిసి ఒకే జంతువవుతాయి. వ్యాకరణంలో సంధి జరిగినట్లే వాటి పేర్లూ కలిసిపోతాయి. ‘హ-య-వ-ర-ల’ కథలో చేతిరుమాలు కాస్తా పిల్లిగా మారుతుంది. వింత ఏమిటంటే, ఆ లోకంలో అన్నీ ఒక తర్కం ప్రకారమే నడుస్తాయి. బొమ్మలోనూ అంతే. లేని జంతువుకు సైతం కళ్లెదుట చూసి గీసినంత స్పష్టమైన రూపం ఉంటుంది.

1921లో కుమారుడు సత్యజిత్ జన్మించాడు. ఆ సంవత్సరమే సుకుమార్‌కు కాలా అజార్ జ్వరం సోకింది. ఆ వ్యాధికి మందును ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి అదే కలకత్తా నగరంలో, ఆ సంవత్సరాలలోనే రూపొందిస్తున్నారు. అది సుకుమార్‌ను కాపాడలేకపోయింది. రెండేళ్లకు పైగా ఆయన మంచం పట్టారు; అయినా కలం, కుంచె వదలలేదు. రవీంద్రనాథ ఠాకూర్ వచ్చి పడక పక్కన కూర్చుని పాటలు పాడి వినిపించారు. మృత్యువు సమీపించిందని ఎరిగీ సుకుమార్ ‘ఆబోల్ తాబోల్’లో ఏ పుటలో ఏ బొమ్మ ఉండాలో స్వయంగా నిర్ణయించారు. సంపుటిలోని చివరి గేయంలో నవ్వుల మధ్యనే వీడ్కోలు ధ్వని వినిపిస్తుంది.

1923 సెప్టెంబరు 10న, ముప్పై ఆరేళ్లు నిండకుండానే ఆయన కన్నుమూశారు. పుస్తకం సెప్టెంబరు 19న వెలువడింది. అచ్చయిన ప్రతిని ఆయన చూడలేదు. కొన్నేళ్లకే ముద్రణాలయం పరుల పాలైంది, ‘సందేశ్’ ఆగిపోయింది. తండ్రిని సరిగా ఎరుగని సత్యజిత్ రాయ్ 1961లో మిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి ఆ పత్రికను పునరుద్ధరించారు. 1987లో, సుకుమార్ శతజయంతి వేళ, తండ్రి జీవితంపై ఒక లఘుచిత్రం తీశారు.