పోయిన బిడ్డల పేరట: యోహన్నెస్ ఫాల్క్ జీవితము

నూరేండ్ల మన అధ్యక్షఖండ చరిత్రలో జ్ఞాపకార్థ కానుకలకు ప్రత్యేక స్థానమున్నది. గుడిలో మనము కూర్చుండు బల్లలు, ప్రసంగ వేదిక, గంట, గోడ గడియారము మొదలగు వాటిలో అనేకము ఒక తల్లి తన కుమారుని జ్ఞాపకముగానో, ఒక కుమారుడు తన తండ్రి జ్ఞాపకముగానో ఇచ్చినవే. ఫ్యాను రెక్కల మీద సహా పేర్లు వ్రాయించు వాడుక మనకున్నది. ఫ్యాను తిరుగుచున్నంతసేపు ఆ పేరు ఎవరికిని కనబడదు, కరెంటు పోయినప్పుడే చదువగలము! ఇట్టి కానుకలను మేము తక్కువ చేయుట లేదు. అయితే దుఃఖములోనున్న ఒక తండ్రి తన ప్రేమను వీధిన పడిన పిల్లల వైపు త్రిప్పినందున ఏమి జరిగెనో ఈ సంచిక ద్వారా సంఘస్థులకు తెలుప గోరుచున్నాము.

యోహన్నెస్ డానియేల్ ఫాల్క్ 1768వ సంవత్సరము అక్టోబరు 28న డాన్‌జిగ్ రేవు పట్టణములో జన్మించెను. నేడు ఆ పట్టణము గ్డాన్స్క్ అను పేరుతో పోలండు దేశములోనున్నది. తండ్రి విగ్గులు తయారుచేసి జీవించువాడు. ఇంట బీదరికము. పిల్లవానిని బడి మాన్పించి తన పనిలో పెట్టెను. పిల్లవానికేమో పుస్తకముల మీదనే ప్రాణము. చలికాలపు రాత్రులలో వీధి దీపము క్రింద నిలువబడి అరువు తెచ్చిన పుస్తకములు చదివెడివాడని చెప్పుదురు. తుదకు పట్టణపు పెద్దలు అతని తెలివిని గుర్తించి, తమ ఖర్చుతో హాల్లే విశ్వవిద్యాలయమునకు పంపిరి. సెలవిచ్చి పంపునప్పుడు ఆ పెద్దలు ఒక మాట చెప్పిరట. ఈ అప్పు నీవు మాకు తీర్చనక్కరలేదు, ఎప్పుడైనను ఒక బీద పిల్లవాడు నీ తలుపు తట్టినయెడల, చనిపోయిన మేమే వచ్చితిమని తలంచి వానిని త్రోసివేయకుము అని దాని భావము. ఈ మాట ఫాల్క్ జీవితమంతయు వెంబడించెను.

1797లో అతడు భార్య కారోలీనతో వైమార్ పట్టణమునకు వచ్చి స్థిరపడెను. అప్పుడు వైమార్ జర్మను కవులకు నిలయము. గోథే, హెర్డర్, వీలాండ్ అక్కడనే యుండిరి. ఫాల్క్ వ్యంగ్య రచనలు చేసి పేరు సంపాదించెను. ఆ రచనలను ఈ దినమున చదువువారు తక్కువే గనుక వాటిని గూర్చి ఎక్కువ వ్రాయము. 1806లో యేనా యుద్ధము జరిగి నెపోలియను సైన్యము వైమార్‌లో ప్రవేశించినప్పుడు, ఫ్రెంచి భాష వచ్చిన ఫాల్క్ ప్రజలకును సైనికాధికారులకును మధ్య దుబాసిగా నిలిచి అనేకులను కాపాడెను. అక్కడి ప్రభువు కార్ల్ ఔగుస్ట్ సంతోషించి అతనికి బిరుదునిచ్చి సన్మానించెను.

1813వ సంవత్సరము ఆ కుటుంబమునకు చీకటి సంవత్సరము. లైప్‌సిగ్ యొద్ద జరిగిన మహా యుద్ధమునకు ముందును తరువాతను సైన్యములు ఆ ప్రాంతమంతయు త్రొక్కి పాడుచేసెను. సైన్యముల వెంట టైఫస్ జ్వరము వచ్చెను. ఇది మనమెరిగిన టైఫాయిడు కాదు, పేల ద్వారా వ్యాపించు మరియొక వ్యాధి. ఆ జ్వరము ఆ యొక్క సంవత్సరములోనే ఫాల్క్ దంపతుల బిడ్డలలో నలుగురిని తీసికొనిపోయెను. నాలుగు శవపేటికలు ఒకే గుమ్మము దాటి వెళ్లిన ఇల్లు ఎట్లుండునో తల్లిదండ్రులైనవారికి మేము వివరింపనక్కరలేదు.

బిడ్డలను పోగొట్టుకొన్న ఆ ఇంటి తలుపును ఒక అనాథ బాలుడు తట్టెననియు, ఫాల్క్ వానిని లోనికి తీసికొనెననియు చెప్పుదురు. డాన్‌జిగ్ పెద్దల మాట అతనికి జ్ఞాపకము రాకుండునా? వాని వెనుక మరికొందరు వచ్చిరి. యుద్ధములో తల్లిదండ్రులు చనిపోయి, బిచ్చమెత్తుచు, దొంగతనములు నేర్చి, గుంపులుగా తిరుగుచున్న పిల్లలు ఆ దినములలో ఎందరో యుండిరి. వారికి లోకము సిద్ధపరచిన స్థలము చెరసాల ఒక్కటే. ఆ 1813లోనే ఫాల్క్ మరికొందరితో కలిసి ఆపదలో స్నేహితుల సంఘము అను ఒక సంఘమును స్థాపించెను.

ఆ సంఘము పని చేసిన పద్ధతిని మనవారు శ్రద్ధగా గమనింపవలెను. పిల్లలందరిని ఒకే గోడల మధ్య బంధించి ఉంచుట అతనికిష్టము లేదు. వడ్రంగి, కమ్మరి, తాపీ పనివాడు, చెప్పులు కుట్టువాడు మొదలైన వృత్తిపనివారి ఇండ్లలో ఒక్కొక్క బాలుని చేర్చి, పని నేర్పుటకు ఆ యజమానులకు రుసుము చెల్లించెను. బాలికలకు కుట్టుపని, నూలు వడకుట నేర్పి మంచి కుటుంబములలో చేర్చెను. దొంగిలించిన చెయ్యి ఉలి పట్టుట నేర్చిన తరువాత వాడు దొంగ కాడు, వడ్రంగియే. ఆదివారము పిల్లలందరు అతని యొద్దకు చేరి పాటలు పాడి, వాక్యము నేర్చుకొని, వారము దినముల కష్టసుఖములు చెప్పుకొనెడివారు. బెత్తము మీదను తాళపుచెవి మీదను అతనికి నమ్మకము లేదు. ఇది జరిగి రెండు వందల యేండ్లు దాటినది. మన హాస్టళ్లను నడిపించువారు ఈ సంగతిని నిదానముగా ఆలోచింపవలెనని మా మనవి.

డబ్బు ఎక్కడనుండి వచ్చెను? చందాలవలన. ప్రభువు కొంత ఇచ్చెను, పట్టణస్థులు కొంత ఇచ్చిరి. మిగిలినదానికొరకు ఫాల్క్ ఉత్తరములు వ్రాయుచు, విజ్ఞప్తులు అచ్చొత్తించుచు చేయి చాచెను. గొప్పవారి విందులలో కూర్చున్న కవి బిచ్చగాడాయెనని నవ్వినవారు లేకపోలేదనుకొందుము. ఇచ్చినవారి సొమ్ము మాత్రము పలక మీద కాక పిల్లల చేతులలో నిలిచెను.

1816 ప్రాంతమున అతడు ఆ పిల్లలకొరకు ఒక పాట వ్రాసెను. సిసిలీ ద్వీపపు పడవవారు మరియమ్మను స్తుతించుచు పాడుకొను రాగమును తీసికొని, క్రిస్మస్, ఈస్టరు, పెంతెకొస్తు అను మూడు పండుగలకు మూడు చరణములు కట్టెను. అతని మరణము తరువాత, అతనితో పనిచేసిన హోల్ట్‌షూహెర్ క్రిస్మస్ చరణమునకు మరి రెండు చేర్చగా అది సంపూర్ణ క్రిస్మస్ పాటయైనది. ఈనాటికిని జర్మను దేవాలయములలో క్రిస్మస్ ఆరాధన చివర అందరు లేచి నిలిచి పాడునది ఇదే. ఆ పాటలోని సంతోషమంతయు నలుగురు బిడ్డలను పాతిపెట్టిన తండ్రి కలమునుండి వచ్చినదని పాడువారిలో ఎందరికి తెలియునో!

కష్టము అంతటితో తీరలేదు. తరువాతి సంవత్సరములలో ఎదిగిన బిడ్డలు మరి ఇద్దరు చనిపోయిరి. అద్దె ఇల్లు కూడ విడువవలసి వచ్చెను. అప్పుడతడు లూథర్‌హోఫ్ అను పాడుబడిన పాత భవనమును కొనెను. దానిని తిరిగి కట్టినవారు అతని పిల్లలే. తాపీ పని నేర్చినవాడు గోడ లేపెను, వడ్రము నేర్చినవాడు తలుపు బిగించెను. ఒకప్పుడు ఇతరుల తలుపులు పగులగొట్టిన చేతులు కొన్ని వాటిలో ఉండియుండవచ్చును.

ఫాల్క్ 1826వ సంవత్సరము ఫిబ్రవరి 14న ప్రభువునందు నిద్రించెను. 1829లో అతని సంస్థను ప్రభుత్వము స్వీకరించి అతని పేరుతోనే నడిపించెను. 1833లో హాంబుర్గ్ పట్టణమున వీఖెర్న్ అను యౌవనస్థుడు ఇట్టి పిల్లలకొరకే గృహము తెరచినప్పుడు, అతనికి ముందుగా త్రోవ చూపినవారిలో ఫాల్క్ ఒకడు.

వైమార్ శ్మశానవాటికలో అతని సమాధి యున్నది. దాని మీది మాటలు అతడు తానే ముందుగా వ్రాసి ఉంచుకొన్నవి. తన కవిత్వమును గూర్చి గాని, ప్రభువు ఇచ్చిన బిరుదును గూర్చి గాని వాటిలో ఏమియు లేదు. ఇతర ఊళ్లనుండి అక్కడికి వచ్చు పిల్లలు తనకొరకు ప్రార్థింపవలెనని మాత్రము కోరెను. తాను పిల్లలను చేర్చుకొనెను గనుక పరమతండ్రి తననుకూడ ఒక బిడ్డగా చేర్చుకొనవలెనన్నదే ఆ ప్రార్థన.