బాట చెప్పిన బాటసారి ఏనుగుల వీరాస్వామయ్య

మన దేశంలో రైలు కూత వినిపించడానికి 23 ఏళ్ల ముందు, 1830 మే 18న మద్రాసు నుంచి సుమారు 100 మంది పరివారంతో ఒక బృందం కాశీకి బయలుదేరింది. దాన్ని నడిపించిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. ఆనాడు కాశీకి వెళ్లినవారు తిరిగివస్తారన్న భరోసా ఇంటివారికి ఉండేది కాదు.

సుమారు 1780లో జన్మించిన వీరాస్వామయ్య బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. చిన్న వయసులోనే ఇంగ్లీషు నేర్చి కొలువులో చేరి, స్వయంకృషితో న్యాయస్థానంలో ఉన్నత స్థానానికి ఎదిగారు. సాక్షి మాటను పొల్లుపోకుండా మరో భాషలో చెప్పడం ఆయన వృత్తి. ఆ అలవాటే ప్రయాణంలోనూ అక్కరకు వచ్చిందనుకోవాలి.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగల మీదుగా సాగింది ఆ యాత్ర. బయలుదేరిన కొద్దికాలానికే వానలు మొదలయ్యాయి. నల్లరేగడి బురదలో బోయీల కాళ్లు కూరుకుపోయేవి. ఇంతమందికి ప్రతి మజిలీలోనూ బియ్యం, నీరు, నీడ సమకూరాలి. అందుకే ఆయన ఏ ఊరు ఎన్ని ఆమడల దూరమో, అక్కడ అంగళ్లు ఉన్నాయో లేవో, మంచినీరు దొరుకుతుందో లేదో, బాట రాళ్లదో ఇసుకదో శ్రద్ధగా రాశారు. క్షేత్రమాహాత్మ్యాలతో ఆగక, తిరుపతిలో భక్తుల కానుకల రాబడి కుంపినీ ఖజానాకు చేరుతున్న తీరునూ దాచలేదు. యాత్రికునికి పుణ్యం ఎంత అవసరమో పొద్దున్నే వంటచెరకు కూడా అంతే అవసరమని ఆయనకు తెలుసు!

ఇవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపిన లేఖలు. గ్రాంథికం ఏలుతున్న రోజుల్లో అవి వాడుక తెలుగుకు చేరువగా సాగాయి. ఛందస్సు తెలియకున్నా చదువు వచ్చినవారందరికీ ఆ దారి తెలిసింది.

గంగాతీరం నుంచి కలకత్తా, పూరీ, ఉత్తరాంధ్ర తీరం మీదుగా 1831 సెప్టెంబరు 3న ఆయన మద్రాసు చేరుకున్నారు. 1836లో కన్నుమూశారు. లేఖలను పిళ్లె 1838లో ‘కాశీయాత్రచరిత్ర’గా అచ్చువేయించారు. తర్వాత 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. పుస్తకరూపంలో తన రాతను చూసుకునే అదృష్టం మాత్రం వీరాస్వామయ్యకు దక్కలేదు.