గాయనీమణి గౌహర్ జాన్ – ఆమె చిత్తరువులు

గ్రంథాలయముల గోడలపైనను, పాతపత్రికల పుటలయందును సంగీత విద్వాంసుల ఛాయాచిత్రములు కానవచ్చుచుండును. చెక్కడపు కుర్చీ, పూలకుండీ, వెనుక తెరపై వ్రాసిన మేడ స్తంభములు, బల్లపై నొక పుస్తకము, ఒక్కొక్కచో పాదములకడ కుక్కయో, ఒడిలో పిల్లియో ఉండును. చూచువారికి ఇవియెల్ల ఆ విద్వాంసుని గృహవైభవముగా తోచును. కాని వానిలో పెక్కు ఛాయాగ్రాహకుని సొత్తు. ఉదయము వకీలు కూర్చున్న కుర్చీలోనే సాయంకాలము వైణికుడును కూర్చుండెను.

ఈ పరికరములకు కారణము లేకపోలేదు. తొలిదినములలో గాజుపలకపై బింబము పడువరకు మనుష్యుడు కొన్ని క్షణములు కదలక యుండవలసెను. చేతికి బల్లయు, వీపునకు కుర్చీయు, మెడవెనుక కనబడకుండ ఇనుపఊతయు ఆధారములయ్యెను. ప్రాణము గల జంతువు కుదురుగా నిలువదు గనుక దాని రూపము మసకబారెడిది. కొందరు గడ్డి కూరిన జంతువునే నిలిపెడివారు. 1880 తరువాత త్వరగా బింబమును గ్రహించు పలకలు వ్యాపించినను ఆచారము మాత్రము పోలేదు. పుస్తకము విద్యకును, స్తంభము కులీనతకును, కుక్క విశ్వాసమునకును గుర్తులై నిలిచినవి. భూమి ఒకరిది, సాగు మరియొకరిది అయినట్లు, పటమునందు ఏది విద్వాంసునిదో, ఏది అద్దెదో వేరు చేసి చూడవలెను. ఇట్టి పరిశీలనకు గౌహర్ జాన్ జీవితము మిక్కిలి తగినది.

ఆమె 1873 జూన్ 26వ తేదీన ఉత్తరదేశమందలి ఆజంగఢ్‌లో జన్మించెను. అప్పటి పేరు ఆంజెలీనా యోవార్డ్. తండ్రి రాబర్ట్ యోవార్డ్ అర్మేనియా వంశీయుడు. తల్లి విక్టోరియా సంగీతమునందును కవిత్వమునందును ఆసక్తి గలది. 1879లో దంపతులు విడిపోయిరి. తల్లి బిడ్డను వెంటబెట్టుకొని కాశీకి చేరి, ఇస్లాము మతమును స్వీకరించి మల్కా జాన్ అయ్యెను. ఆంజెలీనా గౌహర్ అయ్యెను. 1883లో వారు కలకత్తా చేరిరి. లక్నో సింహాసనమును కోల్పోయిన వాజిద్ అలీ షా మటియాబుర్జులో నిలిపిన సంగీత సభ అప్పటికి ఇంకను వెలుగుచుండెను. గౌహర్ అచ్చట కథక్ నాట్యమును బిందాదీన్ మహారాజుకడ నేర్చెను. గానమును పలువురు ఉస్తాదులకడ అభ్యసించెను. 1887లో దర్భంగా సంస్థానమున తొలి కచేరి చేసెను.

అటుపిమ్మట ఆమె చిత్తరువులు దేశమంతట వ్యాపించినవి. తపాలా కార్డులపై ఆమె బొమ్మ అమ్ముడుపోయెను. వానిలో ఆమె నిండు చేతుల రవికయు, జరీ అంచు చీరయు, భుజమున దొరసానులు ధరించు సూదిపతకమును, మెడనిండ హారములును ధరించి యుండును. ఇచ్చట కుర్చీ అద్దెది కావచ్చును గాని నగలు ఆమెవి. తవాయిఫులనబడు గాయనీ వర్గమున నగ కేవలము అలంకారము కాదు. స్వార్జితము, వార్ధక్యమునకు ఆధారము. చీరపై దొరసాని పతకము ఆమె జన్మములోని రెండు ధారలను ఒక్కచోట చూపుచున్నది. ఒంటిగా కూర్చున్న పటములందు కానరానిది మాత్రము ఉస్తాదుల శిక్షయు, ప్రక్కన సారంగి తబలాలు వాయించిన వారి శ్రమయు.

ఆమె పిల్లి కథను ఎరుగనివారు అరుదు. పెంపుడు పిల్లి పిల్లలను పెట్టినప్పుడు ఆమె 20,000 రూపాయలు వెచ్చించి విందు చేసెనని చెప్పుకొందురు. నాలుగు గుఱ్ఱముల బండిపై తిరిగి జరిమానా చెల్లించెననియు చెప్పుదురు. ఆ పిల్లి పటములో ఆమె ప్రక్కన కూర్చుండ నక్కరయే లేకపోయెను. లోకమే దానిని ఆమె ఒడిలో కూర్చుండబెట్టినది. విందు ఖర్చును లెక్కించినవారు సాధనకు పట్టిన సంవత్సరములను లెక్కింపరైరి.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశపు గానమును పలకలపై గ్రహించెను. ఆ తొలి విడతలోనే గౌహర్ జాన్ పాడెను. బూరయెదుట ముఖముంచి, ఇటునటు కదలక, గొంతు హెచ్చించి పాడవలెను. గంటకాలము విస్తరింపదగిన ఖయాలును సుమారు మూడు నిమిషములలో ముగింపవలెను. రాగము చెడకుండ, తొందర కనబడకుండ ఆ పరిమితిని ఆమె సాధించెను. పాట ముగియగానే ఆంగ్లమున తన పేరును తానే చెప్పెను. మైనపు పలకలు జర్మనీ యందలి హనోవరు కర్మాగారమునకు పోవుచుండెను గనుక, పాడినవారెవరో అచ్చటివారికి తెలియుటకై ఆ యేర్పాటు. పటములో ఎవరి పేరును వినబడదు. ఆ పలకలో మాత్రము ఆమెయే తన పేరునకు సాక్షి. పదికి పైగా భాషలలో సుమారు 600 పాటలు ఆమె ఇచ్చెనని అందురు. 1910లో చెన్నపట్టణమునందలి విక్టోరియా పబ్లిక్ హాలులోను, 1911లో ఢిల్లీ దర్బారులోను ఆమె పాడెను.

ఆస్ట్రియాలో తయారైన అగ్గిపెట్టెలపై సైతము ఆమె ముఖము ముద్రింపబడెను. 1899లో కంపెనీ కొన్న చిత్తరువులో బూరయెదుట చెవియొగ్గిన కుక్క తరువాత గ్రామఫోను ప్లేట్లపై వెలసినట్లే, గాయని ముఖమును వర్తకులకు ఒక గుర్తు అయ్యెను.

ఇంతటి ప్రసిద్ధి గల ముఖమే న్యాయస్థానమున చాలకపోయెను. 1906లో తల్లి మరణించిన పిమ్మట ఆస్తికి మరియొక హక్కుదారు బయలుదేరగా, తాను ఎవరి బిడ్డయో ఆమె ఋజువు చేసికొనవలసి వచ్చెను. చిన్ననాటనే దూరమైన తండ్రిని వెదకి పట్టవలసెను. తీర్పు ఆమెకు అనుకూలమయ్యెను గాని ధనమును మనశ్శాంతియు తరిగిపోయినవి. నగలు పటములో మిగిలినవి, చేతిలో మిగులలేదు.

1928లో మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆమెను ఆస్థాన గాయనిగా నియమించిరి. అచ్చటనే 1930 జనవరి 17వ తేదీన ఆమె కన్నుమూసెను.

పాత చిత్తరువును చూచునపుడు మొదట కుర్చీని, తెరను తీసివేయవలెను. పిదప పిల్లిని, దాని కథను తీసివేయవలెను. తుదకు నగలనుకూడ తీసి ప్రక్కనుంచవలెను. అప్పుడును మిగులునది ఒక గొంతు. గౌహర్ జానుకు అది మూడు నిమిషములు మిగిలినది. ఆపై ఆమె పేరు మిగిలినది. విద్వాంసులను వారి విద్యచేతనే స్మరించుట మనకు విధి.