సర్ రొనాల్డ్ రాస్: వైద్యధర్మము

మన బీరంగూడకు అనతిదూరమున నున్న బేగంపేట లోకవిఖ్యాతమగుటకు కారణభూతుడు సర్ రొనాల్డ్ రాస్. ఈ మహాశయుడు 1857వ సంవత్సరమున అల్మోరాలో జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, సైనికవైద్యుడై సికిందరాబాదునకు వచ్చెను. 1897వ సంవత్సరము ఆగస్టు మాసమున హుసేన్ ఖాన్ అను చలిజ్వరపీడితుని దోమలచే కుట్టించి, అతని రక్తము గ్రోలిన దోమ యొక్కింటికి అణా చొప్పున నిచ్చెను. 20వ తేదీన అట్టి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో నోబెల్ బహుమానమందెను; 1932లో దివంగతుడయ్యెను.

లోకోపకార మెంత గొప్పదైనను, అణా యిచ్చినంతమాత్రమున రోగి దేహము వైద్యుని సొత్తు కాజాలదు. సర్వమును తెలిపి, సమ్మతి గైకొనుటయే ధర్మము. వైద్యవృత్తి నవలంబించిన మన కులయువజనులు, రోగి తమకు ఋణపడెనని తలంపక, తామే హుసేన్ ఖాన్ వంటివారికి ఋణపడియుంటిమని స్మరింతురు గాక.