బడి మాని బడి నిలిపిన జి. డి. నాయుడుగారు

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించిరి. వారి బడిచదువు స్వల్పము. యౌవనమున నొక మోటారుసైకిలును జూచి ముచ్చటపడి, ఫలాహారశాలలో వడ్డనపని చేసి సొమ్ము కూడబెట్టి దానిని కొనిరి. విప్పి, మరల బిగించి యంత్రమర్మము నెరిగిరి.

1920లో నొక బస్సును సంపాదించి పొల్లాచి, పళని పట్టణముల నడుమ తామే నడపిరి. నాటి మోటారు బండ్లలో విద్యుద్దీపములకును బ్యాటరీకిని డైనమోయే ఆధారము. విద్యుత్తు తక్కువైనచో దీపములు మందగించును. ఎక్కువైనచో బ్యాటరీ క్రాగి నీరింకును. ఆ కాలపు పెక్కు డైనమోలలో మూడవ బ్రష్షు ఉండెడిది. మెకానిక్కు అమ్మీటరు ముల్లును గమనించుచు, దానిని డైనమో తిరుగు వైపునకు జరిపి విద్యుత్తును హెచ్చించును. ఎదురువైపునకు జరిపి తగ్గించును. ఇట్టి విద్య చేతికిని కంటికిని అలవడవలసినదే కాని వల్లెవేసిన వచ్చునది కాదు.

ఆ యొక్క బస్సే క్రమముగా యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థయయ్యెను. 1937లో నాయుడుగారు డి. బాలసుందరం నాయుడుగారితో గూడి స్వదేశమున విద్యుత్ మోటారును నిర్మింపజేసిరి. 1945లో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయము వెలయుటకు తోడ్పడిరి. 1952లో రెండువేల రూపాయలకే చిన్నకారు చేయ నెంచిరి గాని ప్రభుత్వానుమతి లభింపలేదు. 1974 జనవరి 4వ తేదీన దివంగతులైరి.

కారు రాకపోయినను విద్యాలయము నిలిచినది. బడిమెట్లు కొలదిగా నెక్కిన నాబోటివారికి కృష్ణదేవిపేట గ్రంథాలయమే బడి. ఇచ్చట చదివినదానిని చేతితో పరీక్షించి చూచినవారికే చదువు ఫలించునని నాయుడుగారి జీవితము తెలుపుచున్నది.